నిన్నటిది

ఆయన పేరు పియేర్.
మా చిలకలదిన్నెలో అది నోళ్ళకు పట్టలే,
రెండో దినానికే పీరు సారయినాడు.
పీరంటే మాకు మొహర్రం పండగప్పుడు
నిప్పుల గుండం తొక్కే సామి.
ఈయన తొక్కింది మా దుక్కి.
వంగి, గుప్పెడు ఎర్రమన్ను తీసి
నాలికమీద పెట్టుకున్నాడు.
"నీళ్ళోసుకున్నాడేమో" అని చౌడక్క నవ్వింది.

ఫ్రాన్సులో వాళ్ళదీ చిన్న పల్లెనంట.
నూటిరవై గడపలు, ఒక గుడిగంట,
చుట్టూ ఎటు చూసినా ద్రాక్షనే.
తాత నాటిన తీగకు మనవడు కాయ కోస్తాడంట.
పిండిన రసం పీపాల్లో నిద్రబుచ్చి
సీసామీద ఏడు రాస్తారంట.
"ఫలానా ఏడు వాన చాల్లేదు,
ఆ ఏటిది అమృతం" అని చెప్తా వుంటే
కుళ్లాయప్ప మధ్యలో అందుకున్నాడు:
"వాన చాలకుంటే అమృతమా?
అట్లయితే మావన్నీ అమృతమేండ్లే కదా."
తాడిపత్రి నుంచి వెంటొచ్చిన పిల్లోడు
ఆ మాట తర్జుమా చెయ్యలే.

అప్పుడడిగినాడు, మీ ఊరి కథేమని.

చావడి పక్కన గుడ్డలుతికే బండ వుంది.
దాన్నిండా అక్షరాలే.
ఎవురో రాజు ఎవురికో మాన్యమిచ్చినాడంట.
ఆ పేరున్న చోటే మా జేజి
నలభై ఏండ్లు కోకలు కొట్టింది.
రాజు అరిగిపోయినాడు.
శాపం మిగిలింది:
ఈ ధర్మం చెరిపినోడు గంగ గట్టున
కపిలను చంపిన పాపాన పోతాడని.
కపిలంటే ఆవని నాకు తెలీదు చాన్నాళ్ళు.
ఎద్దులు కట్టి నీళ్ళు తోడే
కపిలబాయి అనుకుంటి.
ఆ లెక్కన పాపం ఊరంతా చేసిందే.

ఏండ్ల లెక్క మాకు రాదు సారూ,
అడుగుల లెక్క వస్తాది.
బోరు నూటిరవై అడుగులప్పుడు
మా నాయిన మొదటి తీగ నాటినాడు.
బేతంచెర్ల నుంచి లారీల్లో రాతికూసాలొచ్చినాయి.
కత్తిరింపులకు నేను బడి మానేసినా.
కత్తెర పెద్దది, చెయ్యి చిన్నది.
"కన్ను చూసి కొయ్ పాపా,
ఒక్క కన్ను తప్పితే ఒక గెల తప్పినట్లే."

మూడొందలప్పుడు మా అక్క పెండ్లి,
ఆ పందిరి కిందనే.
తలంబ్రాల్లో ద్రాక్షలు కూడా రాలినాయి.

ఆరొందల యాభైకి చిలకలు రావడం మానుకున్నాయి.
ఒడిసెల గోడకు తగిలించినాం.

తొమ్మిదొందలకు దుమ్మొచ్చింది.
తెల్లది, సున్నం మాదిరి.
రాత్రంతా బండికాడ కూచున్న నాయిన
దాన్ని అరచేతిలోకి తీసుకుని వాసన చూసినాడు.
నాలికమీద పెట్టుకోలేదు.

తీగలు పొయ్యిలోకి పోయినాయి.
కండ్లల్లో నీళ్ళు పొగకే అనుకోవచ్చు,
ద్రాక్షకట్టె పొగ ఎక్కువ.
కూసాలు మాత్రం నిలబడినాయి.
ఇప్పుడొకటి బర్రెను కట్టే రాయి,
ఒకటి దస్తగిరి కుట్టుమిషను అంగడికి మెట్టు,
ఒకటి మా నాయిన తలాపున.
మిగిలినవి చేన్లోనే,
ఎవురో వస్తారని వరసగా నిలుచున్నట్లు.
పీరు సారు వాటిని లెక్కపెట్టుకుంటా
దూరం దాకా పోయినాడు.
టోపీ తీసినాడు.
ఎండకో, దేనికో.

మధ్యాన్నం బువ్వ మా ఇంట్లోనే.
అంట్లు కడిగిన నీళ్ళు పారే కాలవలో
ఒక తీగ బతికింది, ఎవురూ నాటలే.
రేకుల కొట్టమెక్కి కూచుంది.
దాని కాయ ఏనాడూ మాగదు.
పచ్చిదే తుంచి, చింతపండుకు బదులు
పప్పులో వేసి ఎనుపుతా.
సంగటి ముద్దలో గుంట చేసి పోసినా.
పులుపుకు సారు ఒక కన్ను మూసినాడు,
రెండో కన్నుతో నన్ను చూసి
ఇంకొంచెం పొయ్యమన్నాడు.
పిల్లోడి చెవిలో ఏందో అడిగినాడు.

"ఇది ఏ సంవత్సరానిదంటున్నాడక్కా."

ఎగతాళికో, మర్యాదకో, తెలీలే.

నిన్నటిదని చెప్పురా, అన్నా.
రాత్రి మిగిలింది.